చౌక విమానాల షెడ్డులో ఒక్కపొద్దు

విమానాశ్రయాల గురించి మన తెలుగు యాత్రా రచనలు చదివినప్పుడల్లా మాకొక అనుమానం. ఈ రాసినవాళ్ళు అక్కడ నడిచారా, లేక అద్దాల్లో తమను తాము చూసుకుంటూ తేలిపోయారా అని. నున్నటి నేల, కదిలే మెట్లు, చల్లగాలి. అక్కడితో సరి. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీకీ మజిలీకీ ఎంత దూరమో, దిగడానికి చోటు దొరుకుతుందో లేదో, నీళ్ళెలా ఉన్నాయో ఓపిగ్గా రాసుకున్నాడు. 1837లో కలకత్తాలో ఓడెక్కి లండన్ వెళ్ళిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ హైదరాబాదులో పుట్టినవాడే. తన సరదాలనూ అబ్బురాన్నీ దాచుకోకుండా ఉర్దూలో సఫర్‌నామా రాశాడు. మాకు ఇద్దరూ పెద్దలే. తెలుగువాళ్ళు రెండోవాణ్ణి తలచరు, ఉర్దూవాళ్ళు మొదటివాణ్ణి ఎరగరు. మధ్యన నిలబడ్డ మాలాంటివాళ్ళం ఇద్దరి తరఫునా సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటాం.

ఆ ఇద్దరిలో ఎవరైనా చూసివుంటే బాగుండునని మాకనిపించిన చోటు ఒకటుంది. కౌలాలంపూర్‌లో చౌక విమానాల కోసం కట్టిన టెర్మినల్. ఎల్.సి.సి.టి. అనేవాళ్ళు. 2006 మార్చిలో తెరిచారు, 2014 మేలో మూసేశారు. అదే విమానాశ్రయంలో జపాన్ వాస్తుశిల్పి కిషో కురొకావా గీసిన పెద్ద టెర్మినల్ 1998 నుంచీ ఉంది. నడిమధ్య చెట్లు పెంచి మరీ కట్టిన భవనం. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది. షెడ్డు గురించి రాసినవాళ్ళు మాకు కనబడలేదు. పేదవాడి బంధువును పెళ్ళి ఫొటోలో పక్కకు నెట్టినట్టు దాన్ని పక్కకు నెట్టారు. విమానాశ్రయం ఒకటే అయినా రోడ్డు మీద రెంటికీ దాదాపు ఇరవై కిలోమీటర్లు. టాక్సీ అతనికి ఏ టెర్మినలో సరిగ్గా చెప్పకపోతే విమానం మీద ఆశ వదులుకోవాల్సిందే.

మేము అమ్మీని తీసుకుని 2012 రంజాన్‌లో అక్కడ దిగాం. విమానానికి గొట్టంలాంటి వంతెన అతికించరు. మెట్లు దిగి, ఇంజన్ల హోరులో, కాంక్రీటు వేడి కాళ్ళకు తగులుతుండగా, రేకుల కప్పు కింద గీసిన దారి పట్టుకుని నడవాలి. అమ్మీ చుట్టూ చూసి, "ఏం బేటా, ఇమ్లీబన్‌కే తెచ్చావా తిప్పి తిప్పి?" అంది. అంతకన్నా మంచి విమర్శ మేము రాయలేం. అది బస్టాండే. కోటి మంది కోసం మొదలుపెట్టి, తర్వాత ఏడాదికి కోటిన్నర మంది పట్టేలా పెంచిన బస్టాండు. కుర్చీలు చాలక సామాను మీద కూర్చున్న జనం, నేల మీద దుప్పటి పరిచి పసిబిడ్డను పడుకోబెట్టిన తల్లులు, వరసకీ వరసకీ నడుమ ఇరుక్కున్న బండ్లు.

ఇప్పుడు అందరూ ఎగరొచ్చు అన్నది ఎయిర్ ఏషియా నినాదం. 2001లో ఒక్క రింగిట్‌కు, అప్పులతో సహా చేతులు మారిన సంస్థ అది. నినాదం అబద్ధమని మేము అనం. ఒకప్పుడు ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కూలీలు ఓడ డెక్కు మీద పడుకుని మలయా తోటలకు వెళ్ళిన దూరాన్ని మేము నాలుగు గంటల్లో దాటాం. మా అబ్బా బతికుంటే నమ్మేవాడు కాదు. కానీ ఆ "అందరూ" అన్న మాటను ఇమిగ్రేషన్ హాలులో చదవాలి. ఒకే రంగు టీషర్టులు తొడిగిన కూలీ కుర్రాళ్ళు ఒక మూల గొంతుక్కూర్చుని ఉన్నారు. పాస్‌పోర్టులు వాళ్ళ చేతుల్లో లేవు, ఏజెంటు చేతిలో ఉన్నాయి. ఎగిరారు, నిజమే. దిగడం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది.

మాకూ ఆ రోజు పొద్దున ఒక పాఠం అయింది. మన దేశంలోనే, బయల్దేరిన చోట, ఒక అధికారి మా పేరు రెండుసార్లు చదివి, మా తెలుగు విని, "ముస్లిమై ఉండి తెలుగు ఇంత బాగా ఎలా?" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. ఇలాంటి మెప్పుల బరువు ఏ తక్కెడలోనూ తేలదు గనక, ఏడు కిలోల చేతిసంచీతో పాటు దాన్నీ మోసుకెళ్ళాం.

ఆ బరువుతోనే షెడ్డులో బోర్డులు చదవడం మొదలుపెట్టాం. దారి తెలియనివాడికి బోర్డే గదా దిక్కు. మొదటి బోర్డు "సెలామత్ దాతాంగ్". సలామత్! అమ్మీ మొహం విప్పారింది. దాని పక్కనే అంతర్జాతీయం అనడానికి "అంతారాబాంగ్సా". అంతర, వంశ. మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. భాషను బహాసా అంటారు, సమయాన్ని వక్తు అంటారు. అరబ్బీ మాటా సంస్కృతం మాటా ఒకే రేకు మీద, ఒకే సైజు అక్షరాల్లో. ఒకదాన్నొకటి "నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావు?" అని అడగడం లేదు. మన దగ్గర తెలుగులోంచి ఉర్దూ మాటలు ఏరిపారేసే పండితులున్నారు, ఉర్దూలోంచి హిందవీ మాటలు తుడిచేసే మౌల్వీలున్నారు. ఇద్దర్నీ ఆ బోర్డు కింద కాసేపు నిలబెట్టాలనిపించింది.

తిరుగు ప్రయాణం నాటి సాయంత్రం నమాజు గదికి దారి వెతుక్కున్నాం. సురావ్ అంటారు. చిన్న గది, కాళ్ళు కడుక్కునే కుళాయిల వరస, కిబ్లా వైపు ఒక బాణం గుర్తు. ఇఫ్తార్ వేళయింది. ఊడ్చే పనిచేసే ఒకావిడ అమ్మీకి రెండు ఖర్జూరాలు అందించి, "పువాసా?" అంది. అమ్మీ మా వైపు చూసింది. మాకు మాట రాలేదు. పువాసా అంటే ఉపవాసం. మలయ్ ముసల్మాన్లు రోజాను అలాగే అంటారు. పుణ్యానికి పహాలా, అంటే ఫలం. స్వర్గం శుర్గా, నరకం నెరాకా, మతం అగామా. ఈ మాటలతోనే తరతరాలుగా అల్లాను తలుచుకుంటున్నారు. వాళ్ళ ఈమాన్ ఎక్కడా చిరగలేదు.

మా నాయనమ్మ రోజాను ఒక్కపొద్దు అనేది. మా అబ్బా వైపు వాళ్ళు గుంటూరు జిల్లా దూదేకులవాళ్ళు. ఇంట్లో తెలుగే. అమ్మీ హైదరాబాదు నుంచి ఉర్దూ తెచ్చింది. "ఇయ్యాల ఒక్కపొద్దు నాయనా" అని నాయనమ్మ అంటే పట్నం చుట్టాలు నోరు కప్పుకుని నవ్వేవాళ్ళు. వీళ్ళు సగం ముసల్మాన్లే అన్న నవ్వు అది. "ఒక్కపొద్దు కాదు నాయనమ్మా, రోజా అనాలి" అని దిద్దినవాళ్ళలో మేమూ ఉన్నాం. అప్పటికి కాలేజీలో బి.ఏ. చదువుతున్నాం. ఆమె ఒకటి రెండుసార్లు "రోజా" అనబోయి, ఆ తర్వాత మా ముందు ఆ ఊసే ఎత్తడం మానేసింది. ఒక్కపొద్దులు మాత్రం మానలేదు.

మాకు తెలుగు వస్తుందా అని ఆశ్చర్యపోయిన అధికారి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. నాయనమ్మ నోరు మూయించింది అతను కాదు.

మలేషియాను నెత్తిన పెట్టుకుంటున్నామని ఎవరూ అనుకోవద్దు. అన్ని మాటల్ని ఇముడ్చుకున్న ఆ దేశంలోనే, క్రైస్తవుల వారపత్రిక ఒకటి మలయ్ భాషలో దేవుణ్ణి "అల్లా" అని రాయకూడదని వ్యాజ్యం నడిచింది. 2009లో హైకోర్టు రాయొచ్చంది, 2013లో అప్పీలు కోర్టు వద్దంది. ఉపవాసాన్ని తమదిగా చేసుకున్నవాళ్ళు అల్లాను పక్కవాడికి ఇవ్వనంటే, ఇచ్చిపుచ్చుకోవడంలో పుచ్చుకోవడమే మిగులుతుంది. అధిక సంఖ్యలో ఉన్నవాడి రోగం అన్నిచోట్లా ఒకటే. పేర్లు మారతాయి.

షెడ్డు స్థానంలో 2014లో క్లియా-2 వచ్చింది. పక్కనే పెద్ద బజారు, గేటు దాకా చాలా నడక. చౌక ప్రయాణికుణ్ణి దుకాణాల మధ్య నుంచి నడిపిస్తారు. మన యాత్రా రచయితలకు ఇక ఇబ్బంది లేదు, రాసుకోవడానికి అద్దాలున్నాయి.

తిరిగొచ్చాక పువాసా సంగతి మా పట్నం మామూకు చెప్పాం. ఆయన పాన్ నములుతూ, "వాళ్ళది కల్తీ ఇస్లాం మియా" అన్నాడు. అమ్మీ లోపలి గదిలోంచి వచ్చి, "మరి మా అత్తది?" అని అడిగింది. పెళ్ళయి నలభై ఏళ్ళయినా అత్త తరఫున ఆమె మాట్లాడటం మేము వినడం అదే మొదటిసారి. మామూ లేచి వెళ్ళి పాన్ ఉమ్మి వచ్చాడు.