ఒక పడవ, రెండు పుస్తకాలు

మా తరగతిలో చాలామందికి జాక్ లండన్ అంటే కుక్కల కథలు రాసినాయన. ఆయన పెళ్ళాంతో కలిసి తెరచాప పడవలో దీవులు తిరిగాడన్న సంగతి మొన్న వేసవి దాకా నాకూ తెలీదు. ఇంగ్లీషు మాస్టారు ‘ది క్రూజ్ ఆఫ్ ది స్నార్క్’ ప్రింటు తీసి ఇచ్చి సెలవుల్లో చదవమన్నారు. చదువుతుంటే, అదే ప్రయాణం మీద ఆయన భార్య చార్మియన్ కూడా ‘ది లాగ్ ఆఫ్ ది స్నార్క్’ అని ఒక పుస్తకం రాసిందని తెలిసింది. అదీ కావాలని అడిగాను. “అది వట్టి డైరీయే అమ్మా, సాహిత్యం కాదు” అన్నారు మాస్టారు. అయినా తెచ్చి ఇచ్చారు. రెండూ చదివాక నాకు ఆ మాట నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కథ చెప్పాలి కదా. జాక్, చార్మియన్‌లకి 1905లో పెళ్ళయింది. సొంత పడవ కట్టించుకుని ఏడేళ్ళు ప్రపంచమంతా తిరగాలనుకున్నారు. రెండు కొయ్యల పడవ, పొడవు సుమారు 55 అడుగులు. 7,000 డాలర్లు అవుతుందనుకున్నది 30,000 దాకా మింగింది. మధ్యలో 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చి పనంతా వెనకబడింది. చివరికి 1907 ఏప్రిల్‌లో బయల్దేరారు. హవాయి, మార్కెసాస్, తాహితి, బోరాబోరా, సమోవా, ఫీజీ, సాలమన్ దీవులు చూశారు. 1908 చివర్లో జాక్‌కి జబ్బు చేసి సిడ్నీ ఆస్పత్రిలో పడ్డాడు. ఏడేళ్ళ ప్రయాణం రెండేళ్ళు కూడా నిండకుండానే ఆగిపోయింది. జాక్ పుస్తకం 1911లో వచ్చింది, చార్మియన్ పుస్తకం 1915లో.

జాక్ పుస్తకం బాగుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. ముఖ్యంగా మొదటి అధ్యాయాలు చదువుతుంటే నవ్వాగదు. తన డబ్బు, తన తెలివి, తన పడవ అన్నీ ఎలా మోసం చేశాయో తనే చెప్పుకుంటాడు. ఒక గదిలోకి నీళ్ళొచ్చినా పక్క గదిలోకి పోకూడదని అడ్డుగోడలు కట్టించాడు. ఆ గోడలే కారాయి. ఇంజను బిగించిన ఇనుప పీట విరిగిపోతే, ఇంజన్ని సామానులాగా కట్టేసుకుని హవాయి దాకా మోసుకుపోయారు. దారి చూపిస్తానని వచ్చిన చార్మియన్ వైపు చుట్టానికి దారి లెక్క కట్టడం రాదని సముద్రం మధ్యలో తెలిసింది. జాక్ పుస్తకాలు ముందేసుకుని సూర్యుణ్ణి చూసి లెక్క కట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక తనకి ఎంత పొగరెక్కిందో కూడా దాచకుండా రాశాడు. తప్పు చేసినవాడు తన మీద తనే నవ్వుతుంటే మనకి వాడి మీద కోపం రాదు. ఆ కిటుకు జాక్‌కి బాగా తెలుసు.

మొలకాయి దీవి అధ్యాయం ఇంకో రకం. కుష్ఠు రోగుల్ని అక్కడ విడిగా ఉంచేవారు. బయటివాళ్ళకి ఆ పేరంటేనే హడలు. భార్యాభర్తలిద్దరూ అక్కడికి వెళ్ళి కొన్ని రోజులున్నారు. రోగులు జూలై 4న పండగ చేసుకుంటూ గుర్రప్పందాలు వేసుకోవడం చూశారు. అక్కడివాళ్ళూ మనుషులే, నవ్వుతారు, పందెం కాస్తారు అని ఆ రోజుల్లో రాయడం చిన్న విషయం కాదు.

అయితే ఈ పుస్తకంలో నాకు దొరకనిది ఒకటుంది. వీళ్ళు రోజూ ఎలా బతికారు? జాక్‌కి ఏదైనా జరిగితేనే రాయాలనిపిస్తుంది. తుఫానో, సొరచేపో, జబ్బో, లెక్క తప్పడమో ఉండాలి. ఏమీ జరగని మంగళవారం ఆయన పుస్తకంలో లేదు. కానీ పడవ మీద ఎక్కువ రోజులు ఏమీ జరగని మంగళవారాలే.

ఇది నాకెలా తెలుసంటే, మా నాన్న వేటకెళ్తాడు. మూడు రోజుల వేట చేసి ఒడ్డుకొచ్చాక ఒక అల గురించో, వల చింపేసిన చేప గురించో చెప్తాడు. ఎంత ఐసు పట్టింది, ఎంత డీజిలు అయింది, వల ఏ వైపు కుట్టాలి అన్నవి మా అమ్మ చెప్తుంది. నాన్న కథే అందరూ కూర్చుని వింటారు. కానీ ఇల్లు నడిచేది అమ్మ లెక్క మీద.

చార్మియన్ పుస్తకం ఆ లెక్క. తారీకు వేసి, ఆ రోజు సంగతి రాస్తుంది. పొద్దున జాక్ కూర్చుని రాసుకుంటాడు. రోజుకి వెయ్యి మాటలు రాయాలని నియమం, పడవ ఎంత ఊగినా సరే. ఆ చేతిరాతని చార్మియన్ టైపు కొడుతుంది. తన వంతు వచ్చినప్పుడు చుక్కాని దగ్గర నిలబడుతుంది. చేప పడితే ఏ చేపో, వండితే ఎలా ఉందో రాస్తుంది. సాయంత్రం పేకాట, లేకపోతే ఒకరు పుస్తకం పైకి చదవడం, మిగతావాళ్ళు వినడం. ఎండ, ఊపు, నిద్ర పట్టని రాత్రి, మళ్ళీ పొద్దున టైపు మిషను. జాక్ పెద్ద నవల ‘మార్టిన్ ఈడెన్’ ఈ ప్రయాణంలోనే రాశాడు. ఊగే పడవలో ఒక నవల ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే చూడాల్సింది భార్య పుస్తకంలోనే.

హిలో నుంచి మార్కెసాస్ దాకా చేసిన ప్రయాణం రెండు పుస్తకాల్లోనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. హవాయిలో ఉన్న హిలో రేవు వదిలింది 1907 అక్టోబరు 7న, నుకు హివా దీవిలో లంగరు వేసింది డిసెంబరు 6న. అరవై రోజులు నేల మీద కాలు పెట్టలేదు. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం, మధ్యలో గాలే లేని చోటు. ఎవరో కొళాయి కట్టెయ్యడం మరిచిపోతే ఒక్క రాత్రిలో సగానికి పైగా మంచినీళ్ళు పోయాయి. ఇక వాన పడేదాకా కొలుచుకుని తాగడమే. జాక్‌కి ఇదంతా ఒక్క అధ్యాయం. ఆయన చేతిలో అది చాలా వేగంగా, గట్టిగా నడుస్తుంది. చార్మియన్ దగ్గర అది ఒక్కో రోజుగా వస్తుంది. చదువుతుంటే విసుగొస్తుంది కూడా. కానీ అరవై రోజులంటే ఎంతసేపో నాకు ఆ విసుగులోనే తెలిసింది. మాస్టారు డైరీ అని తక్కువ చేసింది ఏదైతే ఉందో, ఆ పుస్తకానికి బలం అదే అనుకుంటున్నాను.

అలాగని ఆవిడ పుస్తకంలో లోపాలు లేవని కాదు. భర్తని పొగడటం ఎక్కువ. జాక్ ఏం చేసినా గొప్పే. సూర్యాస్తమయాలు మరీ ఎక్కువైపోయాయి, కొన్ని పేజీలు నేను తిప్పేశాను. ఇంకా పెద్ద లోపం, ‘మేమిద్దరం’ అన్న మాట. పడవలో ఎప్పుడూ ఇద్దరే లేరు. వంట చేసేవాళ్ళు, ఇంజను చూసేవాళ్ళు, తెరచాప లాగేవాళ్ళు ఉన్నారు. హిలోలో నకటా అనే జపాను అబ్బాయి పనికి చేరి చివరిదాకా వాళ్ళతోనే ఉన్నాడు. ఆవిడ అతన్ని ప్రేమగానే తలుచుకుంటుంది. కానీ ఆవిడకి రాసుకోవడానికి తీరిక దొరికిందంటే కొంత అతని చేతుల వల్లే కదా! ఆ లెక్క ఆవిడా సరిగ్గా వెయ్యలేదు.

ఇప్పుడు దీవుల్లో ఉన్న జనం సంగతి. ఇక్కడ రెండు పుస్తకాలూ ఒకచోట మనసుని తాకుతాయి, ఇంకోచోట నొప్పిస్తాయి. తాహా దీవిలో తెహెయి, బిహౌరా అనే దంపతులు ముక్కూ మొహం తెలియని వీళ్ళని ఇంటికి పిలిచి, ఉన్నదంతా పెట్టారు. జాక్ రాసిన ఆ అధ్యాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్కడ ఆయన ఎక్కడా గొప్పలు పోడు, తీసుకున్నవాడిలా సిగ్గుపడుతూ రాశాడు. కానీ సాలమన్ దీవులకి వచ్చేసరికి అదే మనిషి అక్కడి జనం గురించి వాడిన మాటలు చదవలేం. తోటపనికి కూలీల్ని ఎక్కించుకుపోయే ఓడలో భార్యాభర్తలు అతిథులుగా తిరిగారు. తమ మీద దాడి జరుగుతుందేమోనన్న భయం పేజీలకి పేజీలు ఉంటుంది. ఆ కూలీలు దేనికి భయపడుతున్నారో అంత ఓపికగా చూడలేదు.

టైపీ లోయ అధ్యాయం మరీ ముఖ్యం. మెల్విల్ అనే రచయిత 1846లో ఆ లోయ మీద పుస్తకం రాశాడు. జాక్ చిన్నప్పుడు అది చదివి కలలు కన్నాడు. తీరా వెళ్ళి చూస్తే లోయ దాదాపు ఖాళీ. రోగాలు జనాన్ని తుడిచిపెట్టేశాయి. ఆయన దుఃఖం నిజమైనదే. కానీ రెండు పేజీలు తిరక్కుండానే, తెల్లవాళ్ళు రోగాలతో పోరాడి బతికినవాళ్ళ పిల్లలు కాబట్టి నిలబడ్డారని ఒక సిద్ధాంతం చెప్తాడు. నాకు అక్కడ కోపం వచ్చింది. కొన్ని నెలల తర్వాత సాలమన్ దీవుల్లో పడవలో అందరికీ పుళ్ళు, మలేరియా. చార్మియన్‌కీ పుండు లేచింది. జాక్ చేతులు వాచి, చర్మం పొరలు పొరలుగా ఊడింది. సిడ్నీ డాక్టర్లకి ఆ జబ్బేమిటో అర్థం కాలేదు. తెల్లవాడి ఒళ్ళు ఆ ఎండకి పనికిరాదని చివరి మాటలో ఆయనే రాసుకున్నాడు. టైపీలో చెప్పిన సిద్ధాంతం ఏమైందో మాత్రం రాయలేదు.

ఫీజీ గురించి ఒక మాట. 1908లో వీళ్ళు సువా రేవులో దిగారు. జాక్ పుస్తకంలో సువా వచ్చేది ఎక్కువగా దారి లెక్క కోసమే, గడియారం తప్పితే ఎలా సరిచేసుకున్నాడు అని. అప్పటికి ఐదేళ్ళుగా, అంటే 1903 నుంచి, మద్రాసు రేవులో ఓడలెక్కి తెలుగువాళ్ళూ తమిళులూ ఫీజీ చెరకు తోటలకి ఒప్పందపు కూలీలుగా వెళ్తున్నారు. అప్పుడు మా గంజాం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. దీవుల మీద ఇంత పుస్తకం రాసినాయన సువా దాకా వెళ్ళి కొబ్బరిచెట్టూ గడియారమూ చూసి వచ్చేస్తే, మన భాష మాట్లాడేవాళ్ళకి ఎలా ఉంటుంది? ఆయన మన గురించి రాయలేదని నేను నేరం మోపడం లేదు. దీవి అంటే అందమైన చోటు అనుకుని చదివే మనం, అక్కడ చెరకు ఎవరు నరికారో కూడా అడగాలి కదా అనిపించింది.

అన్నట్టు, ఇండియా కూడా వాళ్ళ జాబితాలో ఉంది. చైనా తర్వాత ఇండియా, తర్వాత ఎర్రసముద్రం అని మొదటి అధ్యాయంలోనే ఉంటుంది. రాలేదు. సిడ్నీలోనే పడవ అమ్మేశారు. జాక్ 1916లో నలభయ్యేళ్ళకే చనిపోయాడు.

చదవాలనుకునేవాళ్ళు జాక్‌తోనే మొదలుపెట్టండి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోతాడు. తర్వాత చార్మియన్‌ది రోజుకి నాలుగైదు పేజీల చొప్పున చదవండి, ఒక్కసారి కూర్చుని చదివేది కాదది. ఇంగ్లీషు పాతది, నిఘంటువు పక్కనుండాలి.

మూడో పుస్తకం కూడా ఒకటుందట. స్నార్క్‌లో వంటకి చేరిన మార్టిన్ జాన్సన్ 1913లో రాశాడు. పనికి ఒప్పుకునే నాటికి అతనికి అసలు వంటే రాదు. వంటగదిలోంచి చూస్తే ఆ ‘మేమిద్దరం’ ఎలా కనిపించిందో తెలుసుకోవాలని ఉంది. మాస్టారిని అడిగాను, ప్రింటు తీస్తానన్నారు.