నలభై దాటాక చేతికొచ్చిన కెమెరా

ఇబ్రహీంపట్నం బస్టాండుకి దగ్గర్లో ఒక చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఉద్యోగ దరఖాస్తుకి పాస్‌పోర్ట్ సైజు ఫొటో కావాల్సొచ్చి కొన్నేళ్ల కిందట అక్కడికి వెళ్లాను. కెమెరా దగ్గర ఒకామె ఉంది. నన్ను కూర్చోబెట్టి, ఒక్క క్షణం చూసి, నా స్టూలు తీసేసి ఇంకాస్త ఎత్తున్న స్టూలు వేసింది. "కెమెరా, మీ కండ్లు ఒక్క మట్టంల ఉండాలె మేడమ్. లేకుంటె మనిషి చిన్నగ కనవడ్తది" అంది.

అప్పటికి ఆమెకి నలభై నాలుగేళ్లు. భర్త జబ్బుపడ్డాక స్టూడియో తను నడుపుతోంది. ఒక పత్రిక మహిళల పేజీలో ఆమె గురించి 'రెండో ఇన్నింగ్స్' అంటూ రాశారు. తర్వాత పరిచయం పెరిగాక ఆ కాగితం ముక్క చూపించి అక్క ఒక మాటంది. "ఇరవై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. గిప్పుడు కొత్తగ మొదలువెట్టిన అని రాసిండ్రు."

ఈ వ్యాసం ఆ మాట గురించే. పెళ్లయిన ఏడాది నుంచీ లైట్లు సర్దింది ఆమె. పెళ్లికూతురి కుచ్చిళ్లు సరిచేసింది, ఏడ్చే పిల్లల్ని నవ్వించింది ఆమె. చీకటిగదిలో ప్రింట్లు కడిగింది, కంప్యూటర్ వచ్చాక ఆల్బమ్ పేజీలు కూర్చింది ఆమె. మీట నొక్కడం మాత్రం భర్త పని. బోర్డు మీద భర్త పేరు. నడివయసులో స్త్రీ ఏదైనా మొదలుపెడితే దాన్ని కొత్త పుట్టుకలా చెప్పుకోవడం మనకి అలవాటైంది. ఆ మెచ్చుకోలులో అంతకుముందు ఆమె చేసిన పనంతా లెక్కలోంచి జారిపోతుంది.

మగవాళ్ల విషయంలో ఇలా జరగదు. హైదరాబాద్ ఫొటోగ్రఫీ అనగానే గుర్తొచ్చే రాజా దీన్‌దయాళ్ కూడా నడివయసులో దారి మార్చినవాడే. 1844లో పుట్టాడు. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తూ, 1885లో దీర్ఘకాలిక సెలవు పెట్టి, 1887లో ఉద్యోగం వదిలేశాడు. అప్పటికి నలభై మూడేళ్లు. తర్వాత ఆరో నిజాంకి ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఉద్యోగంలో ఉండగా తీసిన ఫొటోలన్నీ ఆయన కళాజీవితంలో తొలి అధ్యాయంగానే చరిత్రలోకి ఎక్కాయి. సెలవు పెట్టడానికి ముందుగా ఒక ఉద్యోగం ఉండాలి. ఇంటి పనికి సెలవు చీటీ ఎవరికిస్తాం?

అదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ నడిపింది. చుట్టూ ఎత్తు గోడలు, లోపల అందరూ స్త్రీలే. అక్కడ తెర వెనక ఎందరు ఆడవాళ్లు ఎంత పని నేర్చుకుని ఉంటారో అనిపిస్తుంది. మనకి మిగిలింది మాత్రం యజమాని పేరు.

స్త్రీలలో నడివయసు ఫొటోగ్రఫీకి అందరూ చెప్పే ఉదాహరణ జూలియా మార్గరెట్ కామెరాన్. కలకత్తాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆమెకి నలభై ఎనిమిదో ఏట, 1863లో, కూతురూ అల్లుడూ కెమెరా బహుమతిగా ఇచ్చారు. బొగ్గుల కొట్టుని చీకటిగదిగా, కోళ్ల గూడుని స్టూడియోగా మార్చుకుంది. ఇంట్లో తనకంటూ చోటు లేని ఆడవాళ్లకి ఆ కోళ్ల గూడు ఆత్మీయంగా తోస్తుంది. నాకూ తోచింది. కానీ ఆమె ఫొటోల్లో మేరీమాతగా కూర్చున్నది ఆ ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్. తర్వాత సిలోన్ వెళ్లినప్పుడు అక్కడి తోటల కూలీలనీ ఫొటోలు తీసింది. భర్తకి అక్కడ కాఫీ తోటలున్నాయి. ఆ కూలీల్లో చాలామంది పేర్లు మనదాకా రాలేదు. ఒక స్త్రీ కళాకారిణి కావడానికి మరికొందరు స్త్రీలు ఇల్లు ఊడ్చి, మళ్లీ వచ్చి కెమెరా ముందు కదలకుండా కూర్చోవాల్సొచ్చింది. వయసు ఒక్కటే అడ్డంకి అనుకుంటే ఇదంతా కనపడదు.

దీన్ని చూడ్డానికి కావాల్సిన పరిభాష నాకు యూనివర్సిటీలో దొరకలేదు. 'పురుష దృష్టి' గురించి లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం చదివాను, పరీక్షలు రాశాను. అసలు మాట జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దొరికింది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990ల చివర వీడియో కెమెరా నేర్చుకున్నారు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ అందుకు పూనుకున్నారు. 2001లో వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, ఇప్పపల్లి మొల్లమ్మ, జహీరాబాద్ పుణ్యమ్మ వంటివాళ్లు చేనుపనుల మధ్యే సినిమాలు తీశారు. వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టం మీద 2003లో వచ్చిన సినిమా వీళ్లదే.

పైనుంచి కిందికి తీస్తే వాళ్లు 'పటేల్ షాట్' అన్నారు. కింద నుంచి తలెత్తి చూస్తే బానిస షాట్. కళ్ల మట్టంలో తీస్తే 'సంఘం షాట్', ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు. ఇది సిద్ధాంతం. గడీ ముందు నిలబడిన శరీరాలు కట్టిన సిద్ధాంతం. అయినా వీళ్ల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది 'చదువురాని దళిత మహిళలు' దగ్గరే ఆగిపోయారు. సినిమాల్ని సాక్ష్యాలుగా చూశారు, దృశ్యాల కూర్పుని చర్చించలేదు. సాహిత్యంలో దళిత స్త్రీల రచనల్ని 'అనుభవం' అని పక్కనపెట్టిన తీరే ఇది. ఆ తప్పులో మనకీ వాటా ఉంది.

స్టూడియో అక్క దగ్గర ఆల్బముల్లోకి ఎక్కని ఫొటోలు చాలా ఉన్నాయి. ఒకటి అప్పగింతలప్పటిది. పెళ్లికూతురి తల్లి కొంచెం పక్కకి జరిగి గోడకానుకుంది. ఏడవడం లేదు. కొంగు ముడిలో మిగిలిన డబ్బు లెక్కపెట్టుకుంటోంది. కెమెరా ఆమె కళ్ల మట్టంలోనే ఉంది. జాలి లేదు, గొప్పచేయడమూ లేదు. పెళ్లి ఖర్చు గురించి ఇంత పొదుపుగా చెప్పిన కథ ఈ మధ్య నేను చదవలేదు. పెళ్లివాళ్లు ఆ ఫొటో వద్దన్నారట.

ఆమెని ఆకాశానికెత్తే పని నాది కాదు. అదే ఆల్బమ్‌లో పెళ్లికూతురి మొహాన్ని రెండు ఛాయలు తెల్లబరిచింది. అడిగితే, "నల్లగొస్తె పైసలియ్యరు మేడమ్. నీ జీతమొచ్చినట్టు నాకు రాదు కద" అంది. నా దగ్గర జవాబు లేదు. పస్తాపూర్‌లో వెనక సంఘం ఉంది. ఇక్కడ కిరాయి, మందులు, ఒంటరి గిరాకీ ఉన్నాయి. సంఘం షాట్ నిలబడాలంటే సంఘమూ ఉండాలి.

బోర్డు ఇంకా మారలేదు. బిల్లు మీద సంతకం మాత్రం ఆమెదే. ఆలస్యంగా వచ్చిన స్త్రీల గురించి మనం రాసేటప్పుడు, ధైర్యాన్ని పొగడక ముందు రెండు ప్రశ్నలడగాలి. ఇన్నేళ్లూ ఆమె చేసిన పని ఎవరి పేరు మీద చెల్లింది? ఇప్పుడు ఆమె పని ఎవరు చేస్తున్నారు? ఆ తర్వాత ఫొటోని ఫొటోగా చూడాలి, ఆమె వయసుకి మార్కులు వేయకుండా.