దయానిధి గాయం - మన ఇండ్లలోని మౌనం

బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ నవలను ప్రేమకథగా చదివేవారున్నారు, తాత్త్విక గ్రంథంగా చదివేవారూ ఉన్నారు. మేము ఉపాధ్యాయులం గనుక దానిని ఒక విద్యార్థి కథగా చదివాము. 1940లలో వ్రాసిన ఆ నవలకూ, మలేషియా తోటలు విడిచి పట్టణాలు చేరిన మన కుటుంబాలకూ దగ్గర సంబంధమే ఉన్నది.

దయానిధి వైద్యం చదివే యువకుడు. తల్లి నడవడిని గురించి ఊరు ఆడిన మాటలు అతనిని వెంటాడుతాయి. ఎవరిని ప్రేమించబోయినా ఆ నీడ అడ్డు వస్తుంది. తల్లి చేసినదానికన్న లోకం అన్న మాటలే అతనిని ఎక్కువగా గాయపరచాయన్నది మా అభిప్రాయం.

ఈ సత్యాన్ని శాస్త్రం తరువాత లెక్కలతో చెప్పింది. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా ప్రభృతులు ఒక పరిశోధన ప్రకటించారు. చిన్నతనంలో దెబ్బలు, అవమానాలు, ఇంట్లో తాగుడు వంటి కష్టాలను నాలుగు రకాలుగా గాని అంతకు మించి గాని పడినవారికి, పెద్దయ్యాక దిగులు జబ్బు, తాగుడు, ఆత్మహత్యాయత్నం వంటి అపాయాలు 4 నుండి 12 రెట్లు హెచ్చని తేలింది. 2018లో ప్రకటించిన మరొక పరిశీలనలో, ఎనిమిది దేశాల మొదటి సంవత్సరం విద్యార్థులు సుమారు 14,000 మందిలో 35 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు మానసిక రుగ్మత లక్షణాలు కనిపించినవి.

అయితే నవలలో ఒక లోపం ఉన్నది. దయానిధి తన బాధను గురించి ఆలోచిస్తాడే గాని, ఎవరికీ మనసు విప్పి చెప్పుకోడు. వైద్యుడై ఉండీ తన మనసుకు వైద్యం వెదకడు. కోమలి, అమృతం, ఇందిర - వీరి బాధలు అతని బాధను చూపే అద్దాలుగానే మిగిలిపోయినవి. ఒంటరితనాన్ని రచయిత జ్ఞానంగా మలచారు. పుస్తకంలో అది అందమే కావచ్చు, హాస్టలు గదిలోని పిల్లవానికి మాత్రం అపాయం.

మన తోటల లైన్లలో గోడలు పలుచన. కల్లు దుకాణం నుండి వచ్చిన తండ్రి కేకలు పక్కింటికి వినిపించేవి. తెల్లవారితే ఎవరూ ఆ ఊసెత్తేవారు కారు. దానికి పరువు అని పేరు పెట్టుకున్నాము. ఆనాటి పిల్లలే నేటి తల్లిదండ్రులు. విశ్వవిద్యాలయంలో ఉన్న బిడ్డను మార్కులు అడుగుతాము, నిద్ర పడుతున్నదా అని అడగము. ఈ దేశంలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే చట్టం 2023లో తొలగింది. ఇంటిలోని మౌనాన్ని తొలగించవలసినది మాత్రం మనమే.

ఈ నవలను మన తెలుగు తరగతులలో పెద్ద పిల్లలచేత చదివించాలి. పరీక్షకు ఒక్క ప్రశ్న చాలు: దయానిధి తన బాధను ఎవరితో చెప్పుకొని ఉండవచ్చు? ఆ జవాబులను పిల్లలకన్న ముందు పెద్దలు చదవాలి.