వాల్వు లోపలి కాకిబంగారం

పవర్ ఆంప్లిఫయరు వాల్వును చేతిలోకి తీసుకోగానే చూపు నల్లటి ప్లేటు మీద పడుతుంది, లేదా గాజుబుడ్డి లోపల అద్దంలా మెరిసే బేరియం పూత మీద పడుతుంది. ప్లేటుకు పైనా కిందా ఉన్న పల్చటి అభ్రకం (కాకిబంగారం) బిళ్లల్ని ఎవరూ పట్టించుకోరు. వాల్వులోని పనితనాన్ని నేను మాత్రం ఆ బిళ్లల రంధ్రాల్లోనే చూస్తాను.

1936లో ఆర్‌సీఏ తెచ్చిన 6ఎల్6 వాల్వునే తీసుకోండి. నడిమధ్యన సన్నని నికెల్ గొట్టం, అదే కాథోడు. దాని లోపల అల్యూమినా పూసిన టంగ్‌స్టన్ హీటరు ఉంటుంది. గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం కార్బనేట్ల తెల్లపూత వేస్తారు. గాలి తోడేస్తూ కాల్చినప్పుడు ఆ పూత ఆక్సైడుగా మారి, ఆ తర్వాత ఏడెనిమిది వందల డిగ్రీల వేడికే ఎలక్ట్రాన్లను ధారాళంగా వదులుతుంది. చుట్టూ గ్రిడ్లు. రెండు కడ్డీలకు వరసగా గాట్లు పెట్టి, గాటు గాటులో సన్నని తీగను కూర్చి, పైనుంచి నొక్కి మూస్తారు. మొదటి గ్రిడ్డు చుట్లకు సరిగ్గా వెనకే రెండో గ్రిడ్డు చుట్లు రావాలి. అప్పుడు ఎలక్ట్రాన్లు పొరలు పొరలుగా చుట్ల సందుల్లోంచి ప్లేటుకు చేరతాయి, నీడలో ఉన్న రెండో గ్రిడ్డు వాటిని అంతగా లాక్కోదు. వెంట్రుకవాసి జరిగినా ఈ పొందిక చెడుతుంది.

ఆ పొందికను కాపాడేది అభ్రకమే. ఎర్రగా కాలే లోహం పక్కనే ఉండి కూడా అది ఉబ్బదు, కరెంటును పోనివ్వదు, పొడిచిన రంధ్రం అంత తేలిగ్గా వదులు కాదు. అంచున పళ్లు చెక్కిన బిళ్ల గాజును ఒత్తిపట్టి కుదుపులకు ఓరుస్తుంది. వాడకంలో బేరియం ఆవిరై అభ్రకం మీద పేరుకుంటే గ్రిడ్డుకూ ప్లేటుకూ మధ్య కరెంటు దొంగదారి పడుతుంది. అందుకే ఆ రెంటి రంధ్రాల నడుమ చిన్న చీలికలు కోస్తారు, బిళ్ల మీద మెగ్నీషియా చల్లుతారు. ఇంత ముందుచూపున్న చీలికను నేను మరే యంత్రంలోనూ చూడలేదు.

మార్కాపురం వాళ్లకు పొరలుగా చీలే రాయి గురించి చెప్పక్కర్లేదు, పలక అక్కడి బతుకుతెరువు. అయితే పలకరాయి కన్నా అభ్రకం ఎన్నో రెట్లు పల్చగా చీలుతుంది. అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణాన గూడూరు, సైదాపురం గనుల అభ్రకం విదేశాల విద్యుత్ పరిశ్రమలకు వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధంలో వాల్వులకూ కండెన్సర్లకూ కావాలని మిత్రదేశాలు భారతదేశపు అభ్రకం కోసం ఎగబడ్డాయి. కత్తిమొనతో పొర విడదీసి, మచ్చ, పగులు చూసి ఏరే పని చాలావరకు ఆడవాళ్లది. వాళ్ల వేళ్లకు తెలిసిన మందాన్ని కొలపరికరం తర్వాత ఖాయం చేసేది.

బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ చేసిన వాల్వులు పాతసామాన్ల కొట్లలో ఇంకా దొరుకుతాయి. కొనేటప్పుడు ముందు మెరుపుపూత చూడండి, తెల్లబడితే లోపలికి గాలి చేరినట్టే. తర్వాత వాల్వును దీపానికెదురుగా పెట్టి, అభ్రకం బిళ్లల, రంధ్రాల చుట్టూ నల్లటి మరక ఉందేమో చూడండి. సెట్టులో పెట్టాక చెక్క పెన్సిలుతో గాజును మెల్లగా తట్టండి. స్పీకరు గణగణమంటే కడ్డీలు రంధ్రాల్లో వదులయ్యాయి.