ఒకే చట్రం, రెండు కులాలు: సెరిగ్రాఫ్ గురించి కొన్ని ప్రశ్నలు

టేకుమట్ల లాంటి ఊళ్లకు సిల్క్‌స్క్రీన్ కొత్తదేం కాదు. పెండ్లి పత్రిక మీద, గుడ్డసంచి మీద, జెండా మీద, బండి వెనక స్టిక్కరు మీద అది ఎప్పుడో వచ్చింది. ఆ పనిని ఎవరూ కళ అనరు. చేసేవాణ్ణి ఎవరూ కళాకారుడనరు. అదే పని హైదరాబాదు గ్యాలరీలో అద్దం వెనక వేలాడితే మాత్రం పేరు మారుతుంది. అక్కడ దాన్ని ‘సెరిగ్రాఫ్’ అంటారు. ధరా మారుతుంది, చూసేవాళ్ల గొంతూ మారుతుంది. మరి పనిలో ఏం మారింది?

పని చూద్దాం. చెక్క చట్రానికి సన్నటి వల బిగిస్తారు. ఒకప్పుడది పట్టు, ఇప్పుడు నైలాను, పాలిస్టరు. వల మీద వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూసి చీకట్లో ఆరబెడతారు. బొమ్మ ఉన్న ఫిల్మును దానికి ఆనించి వెలుతురు పడనిస్తారు. నీళ్లతో కడిగితే వెలుతురు సోకని చోట పూత కరిగిపోతుంది, అక్కడ వల తెరుచుకుంటుంది. సిరా పోసి రబ్బరు బద్దతో లాగితే రంగు కిందికి దిగుతుంది. ఒక రంగుకు ఒక చట్రం. ఇరవై రంగులుంటే ఇరవైసార్లు, కాగితం వెంట్రుకవాసి జరగకుండా లాగాలి. ఆ నేర్పు చేతిలో ఉంటుంది, భుజంలో ఉంటుంది. పెండ్లి పత్రికకైనా గ్యాలరీ బొమ్మకైనా అదే బద్ద, అదే థిన్నరు వాసన.

కాబట్టి మార్పు పనిలో లేదు, పేరులో ఉంది. ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చింది? 1930ల చివర అమెరికాలో, మాంద్యం కాలంలో, ప్రభుత్వం నడిపిన కళా పథకంలో ఆంథొనీ వెలోనిస్ లాంటివాళ్లు దుకాణాల బోర్డులు వేసే ఈ పద్ధతిని చిత్రకారులకు పరిచయం చేశారు. వ్యాపారపు అచ్చుతో కలిసిపోతే మ్యూజియాలు రానివ్వవని కొత్త మాట పుట్టించారు. పట్టుకు లాటిన్ మాట, రాతకు గ్రీకు మాట కలిపారు. 1940 నాటికి ఆ పేరుతో ఒక సంఘమే ఏర్పడింది. ఉపాయంగా మంచిదే కావచ్చు. కానీ దాని వెనక తర్కం మనకు తెలియనిదా? కడుపు కోసం చేస్తే మైల, కాలక్షేపానికి చేస్తే విద్య!

ఇంకొంచెం లోపలికి పోదాం. పాత పద్ధతిలో ఆ పూత జెలటిన్. జెలటిన్ అంటే తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి తీసిన పదార్థం. దాన్ని వెలుతురుకు గట్టిపడేట్టు చేసేది బైక్రోమేట్ అనే క్రోమియం లవణం. నేటి తోళ్ల కర్మాగారాల్లో పచ్చితోలును కుళ్లకుండా నిలబెట్టేది కూడా క్రోమియమే. రెండుచోట్లా జరిగేవి దగ్గరి పోలిక ఉన్న రసాయన చర్యలు. మాదిగ తల్లిదండ్రులు లందలో సున్నంతో, తంగేడు చెక్కతో తరతరాలుగా చేసింది ఈ కుటుంబంలోని పనే. లంద పక్కన ముక్కు మూసుకున్న సమాజం, దాని చుట్టం లాంటి పూతతో అచ్చయిన బొమ్మను డ్రాయింగ్ రూములో పెట్టుకుంటుంది. బైక్రోమేట్ చర్మాన్ని తినేస్తుంది, థిన్నరు ఆవిరి ఊపిరిని పట్టేస్తుంది. ఆ సంగతి బొమ్మ వెనక అంటించే చీటీలో రాయరు.

ఇక బొమ్మలో ఎవరున్నారు? తెలుగు సెరిగ్రాఫ్ అనగానే తోట వైకుంఠం గుర్తొస్తాడు. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాడు. చదునైన ఎరుపు, పసుపు, తెగ్గోసినట్టుండే గీత సిల్క్‌స్క్రీన్‌కు అచ్చంగా సరిపోతాయి. తెలంగాణ ఆడమనిషి నల్లటి ఒంటిని సిగ్గుపడకుండా గోడకెక్కించాడు, అది చిన్న సంగతి కాదు. కానీ పెద్ద బొట్టు, మెరిసే చీర, నగలు, చిలుక, ఇవన్నీ చేరేసరికి ఆమె ఏ పొలంలో నాటేసి వచ్చిందో, ఏ వాడకు పోతుందో మాయమవుతుంది. బి.నర్సింగరావు ‘దాసి’ (1988)కి కళా దర్శకుడిగా జాతీయ అవార్డు పొందినవాడూ ఈయనే. గడీలో ఆడబిడ్డ బతుకేమిటో తెలిసిన కుంచె, సెరిగ్రాఫ్‌లో ఎందుకు మౌనంగా ఉంది? ప్రశ్న ఒక్క చిత్రకారుడికే కాదు, కులం కనిపించని పల్లెనే కోరుకునే మార్కెట్‌కు కూడా.

ఆ మార్కెట్ పద్ధతి చూడండి. బొమ్మ కింద పెన్సిలుతో 25/100 అని ఉంటుంది. అంటే నూరు ప్రతుల్లో ఇరవై అయిదోది. తర్వాత చట్రం కడిగేస్తారు. వేలల్లో అచ్చు వేయగల పనిముట్టును నూటికాడ ఆపి, కరువు పుట్టించి, ధర పెంచుతారు. పక్కనే చిత్రకారుడి సంతకం ఉంటుంది. బద్ద లాగినవాడి పేరు మాత్రం చాలాసార్లు ఎక్కడా ఉండదు. 1963 నుంచి ఆండీ వార్హోల్ పక్కన నిలబడి తెరలు లాగిన జెరార్డ్ మలంగా పేరు ఎంతమందికి తెలుసు? దీనికి ఎదురు దారీ ఉంది. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు, కార్మికులు కళాశాలను ఆక్రమించి ఇదే సిల్క్‌స్క్రీన్‌తో రాత్రికి రాత్రి పోస్టర్లు వేశారు. సంతకం లేదు, నెంబరు లేదు. ఉద్యమానికి ప్రతులెక్కువ కావాలి, గ్యాలరీకి తక్కువ కావాలి. తేడా అంతా ఇక్కడే ఉంది.

మన నేల మీద బొమ్మకూ జనానికీ వేరే సంబంధం ఉండేది. పాత జనగామ ప్రాంతపు చేర్యాలలో నకాశీలు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద పటాలు గీశారు. వాటిని గీయించుకున్నది కులపురాణాలు చెప్పే ఆశ్రిత కులాలవాళ్లు. డక్కలివాళ్లు జాంబపురాణం పటం విప్పి మాదిగవాడలో కథ చెప్పారు. భూమి కంటే ముందు పుట్టినవాడు మన జాంబవుడని పటం సాక్షిగా నిలబెట్టారు. ఆ బొమ్మకు గొంతుంది, వినే వాడ ఉంది. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ కథ చెప్పే డక్కలిని వదిలేసి రంగును మాత్రమే గోడకు తగిలిస్తే మిగిలేది అలంకారమే.

మరి ఏం చేయాలె? నాగపూర్‌లో పుట్టి బరోడాలో ప్రింట్‌మేకింగ్ చదివిన సవి సావర్కర్ మెడలో ముంత, నడుముకు చీపురు కట్టిన అంటరాని మనిషిని ఎచింగుల్లో నిలబెట్టాడు. అచ్చుబొమ్మ మన చరిత్రను మోయగలదని రుజువైంది. సిల్క్‌స్క్రీన్ అంతకంటే తేలిక. యాసిడ్ తొట్టి వద్దు, బరువైన ప్రెస్సు వద్దు. ఒక చట్రం, ఒక బల్ల, ఎండ ఉంటే హాస్టల్ గదిలోనే మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు నీళ్ల సిరాలు, బైక్రోమేట్ లేని పూతలు కూడా దొరుకుతున్నాయి.

ఫ్లెక్సీ వచ్చాక చిన్న ఊళ్లలో తెర లాగే చేతులకు పని తగ్గింది. ఆ చేతులు ఊరికే పోకముందే మన పిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలె. టీచర్లు బళ్లోకి పిలిపించి నేర్పించాలె. వేసే ప్రతి బొమ్మ మీద గీసినవాడి పేరు పక్కన లాగినవాడి పేరు కూడా అచ్చు కావాలె. ప్రతి మీద నెంబరు వేయకుండా, వాడలో ఇంటింటికీ సరిపోయేన్ని వేయాలె.