బట్ట తిరగేసి చూడనిచ్చే కొట్టు

పట్టణాల నివాస వీధుల్లో, ఏ పెద్ద సంస్థకూ శాఖగా ఉండకుండా, ఒకరిద్దరి సొంత పెట్టుబడితో ఇంటి ముందుగదిలోనో అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోనో నడిచే చిన్న వస్త్ర దుకాణాన్ని బొటిక్ అంటున్నారు. తెలుగునాట ఆ పేరు ఎక్కువగా రవికెలు కుట్టి మగ్గం వర్క్ చేసి ఇచ్చే చోటుకు స్థిరపడినా, ఇక్కడ ప్రస్తావించేది మంగళగిరి చీరలు, పోచంపల్లి దుపట్టాలు, పెడన దుప్పట్లు, వరంగల్ జంపఖానాలు పక్కపక్క అరల్లో పెట్టి అమ్మే కొట్టును. అక్కడ సరుకు తక్కువ, ధర ఒకింత ఎక్కువ. అయితే రంగు దిగిన దుప్పటి వారం తిరగకముందే అదే గల్లా ముందుకు వచ్చి పడుతుందన్న ఎరుకతో యజమాని సరుకు ఏరి తెస్తారు గనుక, ఆ ఏరికకు కూడా కొనేవారు కొంత ధర చెల్లిస్తున్నట్టే లెక్క.

ఆ ఏరిక ఎంతవరకు నమ్మదగినదో తేల్చుకోవడానికి బట్టను తిరగేసి చూడడం మొదటి పని. చిటికి, అంటే ఇకత్, నేతకు ముందే నూలును చిన్న కట్టలుగా బిగించి, కట్టిన చోట రంగు పట్టకుండా అద్ది, ఆ తర్వాత మగ్గానికి ఎక్కించే పద్ధతి. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, దాని గీతలు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అదే బొమ్మను నేసిన బట్టపై అచ్చు వేస్తే వెనకవైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. అంచు వెంట సూది రంధ్రాలు కనబడితే అది చేనేతేనని కొందరు గట్టిగా చెబుతారు గాని, బట్టను వెడల్పుగా సాగదీసి పట్టే సాధనం మరమగ్గంలోనూ ఉంటుంది, అదీ అటువంటి గుర్తులే వదలగలదు. ఆ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పడం తొందరపాటే.

ఇంటి సామగ్రి దగ్గర చిక్కు ఇంకా పెరుగుతుంది. పెడన కలంకారీ దుప్పటిపై లతలు, నెమళ్లు చెక్కిన కొయ్య అచ్చులతో చేత్తో అద్దినవే అయినా, వాటి కింది బట్ట చాలాసార్లు మిల్లుది. వెదురుపుల్లను కలంగా చేసి చిత్రాలు గీసే శ్రీకాళహస్తి పనికీ, ఈ అచ్చుల పనికీ కరక్కాయ, పటిక, ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసే నలుపు వంటివి ఉమ్మడిగా వస్తున్నా, చేతి నైపుణ్యం వేరు, పట్టే కాలం వేరు, ధరా వేరుగా ఉండాలి. ఇవి రెండూ, వీటికి తోడు స్క్రీన్‌తో అచ్చొత్తిన మూడో రకమూ, ఒకే ‘హ్యాండ్‌మేడ్’ చీటీ కింద అమ్ముడుపోతుంటాయి. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు వెంట్రుకవాసి తప్పడం కొయ్య అచ్చు పనికి సహజం కాబట్టి, ఎక్కడా తేడా లేని దుప్పటిని చూసి మురిసిపోయేవారు పొరపడుతున్నారేమో ఆలోచించుకోవాలి. అద్దకం చేతిది, బట్ట మిల్లుది అని అడగకముందే విడదీసి చెప్పే కొట్టు ఉంటే, దాని మిగతా మాటలను కూడా చాలావరకు నమ్మవచ్చు.

నేత విషయానికి వస్తే, 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం కింద ఇప్పుడు 11 రకాల వస్త్రాలను, నిర్దేశించిన లక్షణాల మేరకు, మరమగ్గంపై నేయకూడదు. ఆ జాబితాలో చీర, ధోవతి, తువ్వాలుతో పాటు దుప్పటి, జంపఖానా కూడా ఉన్నాయి. చట్టం ఉన్నా నకళ్లు ఆగలేదు, అది అందరికీ తెలిసినదే.

నేతవారికి ఎప్పుడు డబ్బు అందుతుందన్నది, బట్ట చేనేతా కాదా అన్నదానికన్నా తక్కువగా అడిగే ప్రశ్న. కొన్ని కొట్లు సరుకును ముందే కొని తెచ్చుకుంటే, మరికొన్ని అమ్ముడైన తర్వాత లెక్క తేల్చి, మిగిలినదాన్ని తిప్పి పంపిస్తాయి. రెండో పద్ధతిలో నూలుకూ రంగుకూ పెట్టిన పెట్టుబడి నెలల తరబడి కొట్టు అరల్లోనే చిక్కుకుని ఉంటుంది. ఆషాఢంలో పెద్ద షోరూములు ప్రకటించే తగ్గింపులు చూసి చిన్న కొట్టులోనూ అదే అడిగే అలవాటు పెరిగింది. ముందే కొన్న సరుకైతే ఆ తగ్గింపు యజమాని లాభంలోంచి పోతుంది, అమ్మకం మీద లెక్క తేల్చే సరుకైతే దానిలో కొంత భాగమైనా నేతవారి కూలిలోంచి పోయే అవకాశం ఉంటుంది.