ఆటను కథగా మలిచే విద్య

వీడియో గేమ్‌ను టెలివిజన్ ధారావాహికగా మలచడం, అంటే ఆడేవారి చేతిలోని నిర్ణయాలను పాత్రలకు అప్పగించి కథ నడిపించడం, రచనావృత్తిలో ఎంతో నేర్పు కోరే పని. 1997లో మొదలైన ‘ఫాలౌట్’ గేముల వరుస అణుయుద్ధం తర్వాత మిగిలిన లోకాన్ని చూపుతుంది. జెనీవా రాబర్ట్‌సన్-డ్వొరెట్, గ్రాహమ్ వాగ్నర్ దానిని సిరీస్‌గా రూపొందించి, 2024 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియో ద్వారా ప్రేక్షకుల ముందుకు తెచ్చినప్పుడు, ఏ ఒక్క గేమ్ కథనూ తిరగచెప్పకుండా అదే లోకంలో కొత్త కథ అల్లారు. ‘వాల్ట్’ అనే భూగర్భ ఆశ్రయంలో పెరిగిన లూసీ, సైనిక కూటమిలో చేరిన మాక్సిమస్, రేడియేషన్‌తో రూపు మారి రెండు శతాబ్దాలకు పైగా బతికిన ఘూల్, ఈ ముగ్గురి నడతల్లో ఆటగాడు ఎంచుకోగల వేర్వేరు దారులు కనిపిస్తాయి. ఆటలో పటాన్నీ ఆరోగ్యస్థితినీ సరుకుల జాబితానూ చూపే ‘పిప్‌బాయ్’ అనే యంత్రం, తెరపై లూసీ ముంజేతికి కట్టుకున్న నిత్యవాడుక వస్తువుగా కుదిరింది.

తెలంగాణలో, నల్లగొండలోని లంబాపూర్–పెద్దగట్టు, పాలమూరులోని అమ్రాబాద్ ప్రాంతాల ప్రజలు యురేనియం తవ్వకాలను ఎదిరించగా, 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ నల్లమల తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానించింది గనుక, ఈ సిరీస్ చూపే అణుధూళి భయం ఇక్కడి మెట్టప్రాంత ప్రేక్షకులకు పరాయిది కాదు. గేముల్లోని సంఘటనలను వదిలి, ఆ లోకపు నియమాలనూ స్వభావాన్నీ కాపాడిన ఈ సిరీస్ రచన మెచ్చదగినది. తమ నేల కథలను తెరకెక్కించదలచిన ఇక్కడి యువరచయితలు ఈ విద్యను శ్రద్ధగా అధ్యయనం చేయాలి.